ఒక్క మెతుకు పట్టి చూస్తే నీళ్ల సంగతి తెలియదు

అన్నం ఉడికిందో లేదో చూడటానికి కుండంతా కలియబెట్టక్కర్లేదు, ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలని మన పెద్దవాళ్లు అంటారు. అన్నానికి ఆ మాట సరిపోతుంది. కుండ ఒకటే, పొయ్యి ఒకటే, మంట ఒకటే. నల్లా నీళ్లకు ఆ లెక్క కుదరదు. ట్యాంకు కాడ బయల్దేరిన నీళ్లు మన బిందెలో పడేలోపు ఎన్నో గల్లీలు తిరుగుతాయి, ఎన్నో మోరీల కింద నుంచి దూరి వస్తాయి, ఎన్నో అతుకులు దాటుతాయి. మొదటి ఇంట్లో మంచిగున్న నీళ్లు చివరి ఇంట్లో కూడా అట్లనే ఉంటాయని ఎవరూ పూచీ ఇవ్వలేరు.

వానాకాలం వచ్చిందంటే మన బస్తీల్లో ఒక ప్రశ్న వినిపిస్తుంది. “వార్డు ఆఫీసుల అడిగితే నీళ్లు తాగనీకె పనికొస్తయని కాగితం చూపిస్తరు. మా గల్లీల జూస్తే ఇంటికొక పిల్లగానికి విరేచనాలు. కాగితాన్ని నమ్మాల్నా, కడుపును నమ్మాల్నా?”

రెండింటినీ నమ్మాలి. ఆఫీసు కాగితం అబద్ధం కాకపోవచ్చు, మన పిల్లల కడుపునొప్పి ఎట్లాగూ అబద్ధం కాదు. రెండూ ఒకేసారి నిజం ఎట్లా అవుతాయో తెలిస్తే, ఆఫీసుకు పోయి ఏం అడగాలో కూడా తెలుస్తుంది. ఈ నెల ఆ సంగతే మాట్లాడుకుందాం.

కాగితాన్ని అడగాల్సిన మూడు ప్రశ్నలు

నీళ్ల రిపోర్టు చేతికి రాగానే అందరం అడుగున ఉన్న ఒక్క ముక్క చూస్తాం: యోగ్యమా, కాదా అని. దానికంటే ముందు పైన రాసిన మూడు సంగతులు చూడాలి. నమూనా ఎక్కడ పట్టారు? ఎప్పుడు పట్టారు? ఏమేమి పరీక్ష చేశారు?

నమూనా నీళ్లు శుద్ధి చేసే చోట పట్టి ఉంటే, ఆ కాగితం ఆ చోటి నీళ్ల గురించే చెబుతుంది. మన నల్లా గురించి అది ఒక్క ముక్కా చెప్పదు. ఎండాకాలంలో పట్టి ఉంటే, వానాకాలపు నీళ్ల గురించి చెప్పదు. ఉప్పూ సున్నమూ మాత్రమే చూసి క్రిముల పరీక్ష చేయకపోతే, విరేచనాల గురించి ఆ కాగితానికి ఏమీ తెలియదు. మిల్లులో తాను చూసేవాడు ఒక జానెడు గుడ్డ చూసి మొత్తం తానుకు ముద్ర కొట్టడు కదా. ఒక్క నమూనా అంటే ఆ జానెడు గుడ్డ.

షోలాపూర్‌నే తీసుకోండి. ఊరికి నీళ్లు ఒక్క చోటి నుంచి రావు. ఉజని డ్యాం నుంచి పైపులైను ఉంది, భీమా నది మీద టాక్లీ కాడ నుంచి తోడుతారు, హిప్పర్గా చెరువు నుంచీ కొంత వస్తుంది. తూర్పు భాగంలో మన మగ్గాల బస్తీలు, బీడీలు చుట్టేవాళ్ల బస్తీలు ఉన్నాయి. అక్కడ నల్లా రోజూ రాదు, కొన్ని రోజులకొకసారి వస్తుంది. భివండీలో, ఇచల్‌కరంజీలో ఉన్న మనవాళ్లకు కూడా నల్లా వచ్చే వేళ కోసం కాచుకోవడం కొత్త కాదు.

రోజు విడిచి వచ్చే నీళ్లతోనే అసలు తంటా ఉంది. పైపులో నీళ్లు నిండుగా, ఒత్తిడితో పారుతున్నప్పుడు సందు ఉంటే లోపలి నీళ్లు బయటికి కారుతాయి. సరఫరా ఆగాక పైపు ఖాళీ అవుతుంది. అప్పుడు అదే సందులో నుంచి బయటి మురుగు లోపలికి పోతుంది. పక్కనే మోరీ పారుతుంటే ఇక చెప్పక్కర్లేదు. దానికి తోడు ఎవరో ఒకరు నల్లాకు మోటారు పెట్టి గుంజుతారు. మోటారు నీళ్లతో పాటు పైపు చుట్టూ ఉన్న మురుగునూ గుంజుతుంది. మళ్లీ నీళ్లు వదిలినప్పుడు మొదటి బిందెల్లో పడేది ఆ మురుగే. శుద్ధి చేసే చోట నీళ్లు బాగున్నాయి, మన గల్లీలో బాగలేవు. రెండు మాటలూ నిజమే.

అంకెలు చూసి బెదరకండి

రిపోర్టులో వరుసగా అంకెలు ఉంటాయి. పక్కన ‘మిల్లీగ్రాములు/లీటరు’ అని రాసి ఉంటుంది. కొన్ని కాగితాల్లో ‘పీపీఎం’ అంటారు, నీళ్ల విషయంలో రెండూ ఒకటే అనుకోవచ్చు. దీన్ని ఇట్లా గుర్తు పెట్టుకోండి. మేడ మీద వెయ్యి లీటర్ల నల్ల ట్యాంకు ఉంటుంది కదా, అందులో ఒక గ్రాము వస్తువు కలిస్తే అది లీటరుకు ఒక మిల్లీగ్రాము. ఐదు వందలు అని ఉంటే ఆ ట్యాంకులో అరకిలో కలిసినట్టు.

మన దేశంలో తాగే నీళ్లకు ఉన్న ప్రమాణం ఐఎస్ 10500. ఇప్పుడు నడుస్తున్నది 2012లో సవరించినది. అందులో చాలా వాటికి రెండు హద్దులు ఉంటాయి. మొదటిది మామూలుగా ఉండాల్సిన హద్దు. రెండోది, వేరే నీళ్లు దొరకని చోట ఒప్పుకునే హద్దు. కొన్నింటికి రెండో హద్దు లేనే లేదు. రిపోర్టులో ఏ హద్దుతో పోల్చి ‘యోగ్యం’ అన్నారో చూడాలి.

అంకెలన్నీ ఒక్కటే రకం కాదు. మూడు కుప్పలుగా వేసుకుంటే తేలిక.

మొదటి కుప్ప, క్రిములు. కోలిఫాం, ఈ-కోలై అని రాసి ఉంటుంది. ఈ-కోలై మనుషుల, పశువుల పేగుల్లో ఉండే క్రిమి. అది నీళ్లలో కనిపించిందంటే ఎక్కడో దొడ్డి మురుగు కలిసిందని అర్థం. నూరు మిల్లీలీటర్ల నీళ్లలో ఒక్కటి కూడా కనిపించకూడదు. దీనికి రెండో హద్దు లేదు. ఈ ఒక్క గడిలో తేడా ఉంటే మిగతావన్నీ బాగున్నా ఆ నీళ్లు అట్లనే తాగకూడదు. కలరా, టైఫాయిడ్, పచ్చకామెర్లు, విరేచనాలు వచ్చేది ఈ దారినే.

రెండో కుప్ప, మెల్లగా చెడు చేసేవి. నైట్రేటు 45 దాటకూడదు, దీనికీ రెండో హద్దు లేదు. పాయిఖానా గుంటల పక్కనున్న బోర్లలో, ఎరువులు ఎక్కువ వేసే పొలాల పక్క బావుల్లో ఇది పెరుగుతుంది. పాలడబ్బా పిల్లలకు దీనితో ప్రమాదం. రక్తం ప్రాణవాయువును మోయలేక ఒళ్లు నీలంగా మారుతుంది. ఫ్లోరైడు 1 ఉండాలి, వేరే దిక్కు లేకపోతే 1.5 వరకు. దీన్ని గురించి మనవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. నల్లగొండ వైపు నుంచి బతుకుదెరువుకు వచ్చిన ఇళ్లలో ముసలివాళ్ల పళ్ల మీద మరకలు, వంగిన ఎముకలు చూసినవాళ్లు చాలామంది ఉన్నారు. మన దేశంలో ఈ జబ్బును డాక్టర్లు మొదట 1937లో రాసి బయటపెట్టింది కూడా అప్పటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి, కనిగిరి పల్లెల నుంచే. ఆ నీళ్లు చూడటానికి తేటగా ఉండేవి. కంటికి కనపడనిది కాగితం మీద కనపడింది.

మూడో కుప్ప, రుచీ ఉప్పూ. టీడీఎస్ అంటే నీళ్లలో కరిగిన ఉప్పులన్నీ కలిపి. 500 ఉండాలి, వేరే నీళ్లు లేకపోతే 2000 వరకు ఒప్పుకుంటారు. గట్టితనం 200, లేదంటే 600 వరకు. గట్టి నీళ్లకు సబ్బు నురగ రాదు, పప్పు ఉడకదు, గిన్నెకు తెల్లపొర కడుతుంది. చిరాకే గానీ, పిల్లల విరేచనాలకు కారణం అది కాదు. యానాంలో, గోదావరి సముద్రంలో కలిసే చోట, ఎండాకాలం ఏరు తగ్గితే ఉప్పునీరు పైకి ఎగదన్నుతుంది. అక్కడివాళ్లు టీడీఎస్, క్లోరైడు గడులు చూసుకోవాలి. క్లోరైడు 250 ఉండాలి, మరీ అయితే 1000.

క్లోరైడునూ క్లోరిన్‌నూ ఒకటిగా అనుకోకండి. క్లోరైడు అంటే ఉప్పులో ఉండేది. క్లోరిన్ అంటే క్రిములను చంపడానికి మునిసిపాలిటీ కలిపే మందు. నీళ్లలో ‘మిగిలిన క్లోరిన్’ మన నల్లా దాకా కనీసం 0.2 ఉండాలి. ఇది ఎక్కువైతే భయపడే అంకె అనుకుంటాం గానీ, మనం ఎక్కువగా భయపడాల్సింది అది సున్నా అయినప్పుడు. ఆ గడి గురించి ముందు ఇంకా చెప్తాను.

పెన్ను పట్టుకొని వచ్చేవాళ్లు

ఇంటింటికీ తిరిగి మిషన్లు అమ్మేవాళ్లు జేబులో నుంచి చిన్న పెన్నులాంటిది తీసి మన గ్లాసులో ముంచుతారు. అంకె చూపించి “చూడమ్మా, ఎంత విషం ఉందో” అంటారు. అది టీడీఎస్ కొలిచే పెన్ను. ఉప్పులను మాత్రమే కొలుస్తుంది. క్రిములను చూడలేదు, ఫ్లోరైడును విడిగా చెప్పలేదు, నైట్రేటును చెప్పలేదు. మురుగు కలిసిన నీళ్లకు కూడా ఆ పెన్ను తక్కువ అంకె చూపించవచ్చు.

ఇంకో ఆట ఉంది. రెండు గ్లాసులు పెట్టి, ఒక దాంట్లో మన నల్లా నీళ్లు, ఇంకో దాంట్లో వాళ్ల మిషన్ నీళ్లు పోసి, కరెంటు ఉన్న ఇనుప కడ్డీలు దించుతారు. మన గ్లాసు క్షణంలో ఎర్రగా, నల్లగా, రొచ్చులా మారిపోతుంది. ఇంట్లో ఆడవాళ్లు గుండె పట్టుకుంటారు. ఆ రొచ్చు మన నీళ్లలో ఉన్నది కాదు. ఉప్పు ఉన్న నీళ్లలో కరెంటు పారుతుంది కాబట్టి కడ్డీ ఇనుమే కరిగి రంగు దిగుతుంది. మిషన్ నీళ్లలో ఉప్పు దాదాపు లేదు, కరెంటు పారదు, కడ్డీ కరగదు. చిటికెడు ఉప్పు వాళ్ల గ్లాసులో వేసి మళ్లీ చేయమనండి. అదీ ఎర్రబడుతుంది.

మిషన్ అసలే వద్దని నా మాట కాదు. ఫ్లోరైడు, నైట్రేటు ఎక్కువున్న బోరు నీళ్లకు దానితో పని ఉంది. వాయిదాల మీద వేల రూపాయలు కట్టే ముందు, మన నీళ్లలో ఏ కుప్పలో తేడా ఉందో తెలుసుకోవాలి. క్రిములే తేడా అయితే గిన్నె మూత పెట్టి కాచుకున్నా సరిపోతుంది. నీళ్లు తెర్లి బుడగలు గట్టిగా వచ్చాక ఒక నిమిషం ఉంచితే క్రిములు చస్తాయి. నైట్రేటు, ఫ్లోరైడు మాత్రం కాచితే పోవు. నీళ్లు ఆవిరైపోతాయి కాబట్టి ఇంకా చిక్కబడతాయి. ఏ రోగమో తెలియకుండా మందు వేసుకోకూడదన్నట్టే ఇది కూడా.

గల్లీకి ఒక నీళ్ల పుస్తకం

ఇంతవరకు చదవడం గురించి చెప్పాను. ఇక మనమే రాసుకోవడం గురించి.

క్లోరిన్ చూసే చిన్న డబ్బా దొరుకుతుంది. క్లోరోస్కోపు అంటారు. చిన్న గొట్టంలో నీళ్లు పోసి మందు చుక్కలు వేస్తే పసుపు రంగు వస్తుంది, కొత్త రకాల్లో గులాబీ రంగు. డబ్బా మీద ఉన్న రంగుల పట్టీతో పోల్చి అంకె రాసుకోవాలి. పదో తరగతి పిల్లలు ఒక పూటలో నేర్చుకుంటారు. పరీక్ష చేసిన నీళ్లు పారబోయాలి, తాగకూడదు, మందు చేతికి అంటనీయకూడదు. నీళ్లు నల్లా నుంచి అప్పుడే పట్టినవై ఉండాలి. డ్రమ్ములో రెండు రోజులు నిలవ ఉన్న నీళ్లలో క్లోరిన్ ఎగిరిపోతుంది, దాన్ని చూసి మునిసిపాలిటీని తిట్టడం న్యాయం కాదు. నాలుగు రోజుల నీళ్లు నిలవ పెట్టుకునే ఇంట్లో చివరి రోజు నీళ్లకు ఆ మందు కాపలా లేదని మాత్రం గుర్తుంచుకోవాలి. అవి కాచుకోవాల్సిందే.

ఒక నూరు పేజీల పుస్తకం చాలు. నల్లా వచ్చిన ప్రతిసారీ గల్లీ మొదట్లో ఒక ఇల్లు, నడుమ ఒక ఇల్లు, చివర ఒక ఇల్లు, ఈ మూడు చోట్లా క్లోరిన్ చూసి రాయాలి. తేదీ, వేళ, నీళ్ల రంగు, వాసన, ముందు రోజు వాన పడిందా లేదా. ఆ వారం గల్లీలో ఎంతమందికి విరేచనాలు అయ్యాయో అంకె మాత్రం రాయాలి. పేర్లు రాయకండి. జబ్బు సంగతి ఇంటి గుట్టు, గోడకెక్కే కాగితంలో దానికి చోటు లేదు.

ఇది ఎందుకు పనికొస్తుందో ఒక లెక్క చెప్తాను. ఇరవై ఇళ్ల గల్లీ అనుకుందాం. మొదటి ఇంట్లో క్లోరిన్ 0.5, పదో ఇంట్లో 0.4. చివరి ఇంట్లో సున్నా, వాసన కూడా ఉంది. ఒక్క చివరి ఇల్లే చూస్తే “నీళ్లు బాగలేవు” అంటాం. ఒక్క మొదటి ఇల్లే చూస్తే “బ్రహ్మాండం” అంటాం. మూడూ పక్కపక్కన పెట్టగానే, తేడా పదో ఇల్లు దాటాక మొదలైందని తేలుతుంది. మరునాటి నల్లాకు పదకొండు, పన్నెండు, పదమూడు ఇళ్లు చూస్తాం. పదకొండులో ఉంది, పన్నెండులో లేదు అనుకోండి, గునపం ఎక్కడ వేయాలో దొరికినట్టే. వార్డు ఇంజనీరు కాడికి పోయి “మా నీళ్లు బాగలేవు సాబ్” అంటే ఆయన ఏం చేస్తాడు? ఊరంతా తవ్వలేడు కదా. “పదకొండో ఇంటికీ పన్నెండో ఇంటికీ నడుమ పైపు చూడండి, ఇదిగో మూడు వారాల లెక్క” అంటే ఆయన తప్పించుకోవడం కష్టం. నిజంగా పని చేయాలనుకునే ఇంజనీరుకు అది సాయం కూడా.

ఇట్లాంటి లెక్కతోనే లండన్‌లో కలరా గుట్టు బయటపడింది. 1854లో బ్రాడ్ స్ట్రీట్ చుట్టుపక్కల జనం పదుల కొద్దీ చనిపోతుంటే, జాన్ స్నో అనే డాక్టరు ఏ ఇంట్లో ఎంతమంది పోయారో పటం మీద గుర్తులు పెట్టాడు. గుర్తులన్నీ ఒక చేతిపంపు చుట్టూ కమ్ముకున్నాయి. హెన్రీ వైట్‌హెడ్ అనే అక్కడి పాదిరి ఆ గల్లీల్లో ఇంటింటికీ తిరిగి మనుషులు తెలిసినవాడు. మొదట స్నో మాట ఒప్పుకోలేదు. తానే అడిగి అడిగి వివరాలు సేకరించాక, స్నో చెప్పిందే నిజమని తేల్చాడు. సెప్టెంబరు 8న పంపు పిడి తీసేశారు. అప్పటికే జబ్బు తగ్గుముఖం పట్టింది నిజమే గానీ, కలరా గాలిలో కాదు నీళ్లలో వస్తుందన్న సంగతి ఆ ఇంటింటి లెక్కతో బలపడింది. క్రిమిని చూసినవాళ్లు కాదు వాళ్లు, ఇళ్లను పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు.

సీసాలో పట్టేటప్పుడు

క్లోరిన్ మనం చూసుకోవచ్చు, క్రిముల లెక్క ప్రయోగశాలకే పంపాలి. ఇంటి కాడ చేసుకునే ఒక పరీక్ష ఉంది. హెచ్‌టూఎస్ సీసా అంటారు. గీత వరకు నీళ్లు పోసి వెచ్చని చోట పెడితే, మురుగు కలిసిన నీళ్లయితే ఒకటి రెండు రోజుల్లో నల్లబడుతుంది. 1982లో మన దేశపు శాస్త్రవేత్తలే ఈ పద్ధతిని బయటపెట్టారు. నల్లబడితే ఆ నీళ్లు అనుమానించాలి. నల్లబడకపోతే పూర్తిగా మంచివని పూచీ కాదు. వాడిన సీసా పిల్లలకు అందనీయకండి, బ్లీచింగ్ పొడి కలిపిన నీళ్లు పోసి పారేయండి.

ప్రయోగశాలకు పంపే నమూనాకు పద్ధతి ఉంది. క్రిముల పరీక్షకు సీసా వాళ్లే ఇస్తారు. దాన్ని కడగకూడదు, లోపల వేలు పెట్టకూడదు. నల్లా మూతి శుభ్రంగా తుడిచి, రెండు మూడు నిమిషాలు నీళ్లు వదిలి, అప్పుడు పట్టాలి. పైన కొంచెం ఖాళీ వదలాలి. ఐసు డబ్బాలో పెట్టి అదే రోజు చేర్చాలి. ఉప్పు, ఫ్లోరైడు పరీక్షకు లీటరు, రెండు లీటర్ల శుభ్రమైన సీసా చాలు, అదే నీళ్లతో మూడుసార్లు తొలచి నింపాలి. మన గల్లీల్లో నేను ఇంకో మాట చెప్తాను. నీళ్లు వదలగానే వచ్చే మొదటి బిందెవి ఒక సీసా, పది నిమిషాల తర్వాతవి ఇంకో సీసా పట్టండి. రెండు సీసాల మీదా వేళ రాయండి. మొదటిది చెడ్డదై రెండోది మంచిదైతే, ఖాళీ పైపులోకి మురుగు దిగుతున్నట్టే. పైపు బాగయ్యే దాకా మొదటి బిందెల నీళ్లు బట్టలకు, కడగడానికి వాడుకుని, తాగేవి తర్వాత పట్టుకోవచ్చు.

ఎక్కడ పరీక్ష చేయిస్తారంటే, జిల్లా ప్రజారోగ్య ప్రయోగశాలలు ఉన్నాయి. మహారాష్ట్రలో భూగర్భ జలాల శాఖ ప్రయోగశాలలు, తమిళనాడులో ట్వాడ్ బోర్డు ప్రయోగశాలలు ఉన్నాయి. పంచాయతీ కింద ఉన్న మిల్లు కాలనీలవాళ్లకు ఇంకో దారి ఉంది. 2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్ కింద ప్రతి ఊళ్లో ఐదుగురు ఆడవాళ్లకు నీళ్ల పరీక్ష నేర్పి, కిట్టు ఇవ్వాలని ఉంది. మీ పంచాయతీలో ఆ ఐదుగురు ఎవరో అడగండి. లేకపోతే మన ఆడవాళ్ల పేర్లు ఇవ్వండి.

మునిసిపాలిటీ తన రిపోర్టులు చూపించకపోతే సమాచార హక్కు చట్టం, 2005 ఉంది. పది రూపాయల ఫీజు, దారిద్ర్యరేఖ కింద ఉన్నవాళ్లకు అదీ లేదు. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆ చట్టంలో చాలామంది చూడని ఒక మాట ఉంది: కాగితాల నకలే కాదు, వస్తువుల ధృవీకరించిన నమూనాలు తీసుకోవడం కూడా హక్కులో భాగమే. అర్జీ చిన్నగా, ఒకే సంగతి మీద రాయండి. “ఫలానా వార్డులో గడిచిన ఆరు నెలల్లో తాగే నీళ్ల నమూనాలు ఏ తేదీన, ఏ చోట పట్టారు, ఫలితాలు ఏమిటి” అంటే చాలు. అడుక్కునే పని కాదిది. కాలుష్యం లేని నీళ్లు బతికే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 1991లోనే సుభాష్ కుమార్ కేసులో చెప్పింది.

చదివి వినిపించేవాళ్లు కావాలి

మన బస్తీల్లో ఇంకో అడ్డం ఉంది. రిపోర్టు ఇంగ్లీషులో వస్తుంది. ఆఫీసు నోటీసు మరాఠీలోనో, కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో ఉంటుంది. ఇంట్లో మాట తెలుగు. అమ్మమ్మకు తెలుగు మాట్లాడటమే వచ్చు, మనవరాలికి మరాఠీ రాయడమే వచ్చు. కాగితం గోడ మీద ఉన్నా, నడుమ ఎవరూ లేకపోతే అది గోడే.

అందుకే నీళ్లు పట్టే చోట, కిరాణా దుకాణం కాడ, భజన మందిరం కాడ ఒక అట్ట కట్టండి. పైన తేదీ, పట్టిన చోటు. కింద మూడు రంగుల్లో మూడు మాటలు: పచ్చ అంటే తాగొచ్చు, పసుపు అంటే కాచి తాగాలి, ఎరుపు అంటే తాగడానికి వద్దు. రంగుకు ఏ బడి చదువూ అక్కర్లేదు. రాసిన పిల్లలే ఆదివారం పూట పెద్దవాళ్లకు చదివి వినిపించాలి. పాత అట్ట తీసేయకుండా తేదీల వరుసలో కింద ఉంచండి. పోయిన వానాకాలం ఎట్లా ఉందో అప్పుడే తెలుస్తుంది.

ఫోనుల్లో తిరిగే ఫొటోలతో జాగ్రత్త. తేదీ లేని రిపోర్టు, ఊరు పేరు లేని రిపోర్టు ముందుకు పంపకండి. ఎక్కడిదో ఎర్రనీళ్ల ఫొటో పంపితే మన గల్లీ ఆడవాళ్లు ఆ పూట ట్యాంకరుకు డబ్బు తగలేస్తారు. ఒక్క చెడ్డ ఫలితం వచ్చినా ముందు రెండోసారి పరీక్ష చేయించాలి. రెండో ఫలితం వచ్చే దాకా మాత్రం నీళ్లు కాచుకోండి. పిల్లలకు విరేచనాలు మొదలైతే ఏ కాగితం కోసమూ ఆగొద్దు, లీటరు నీళ్లలో ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్టు కలిపి తాపుతూ దవాఖానాకు తీసుకుపోండి. ఆరు నెలల లోపు పసివాళ్లకు తల్లిపాలు చాలు, నీళ్లే అక్కర్లేదు.

ఇంకో భయం ఉంది, దాన్ని దాచి లాభం లేదు. బోరు చెడిందని గోడ మీద రాస్తే ఇంటి యజమానికి కోపం. రంగుల కార్ఖానా నీళ్లు కారణమని తేలితే, అందులో పని చేసేది మన పిల్లలే. తిరుప్పూరులో జరిగింది మనకు తెలుసు. నొయ్యల్ నది, ఒరత్తుపాళయం డ్యాం నీళ్లు అద్దకం ఉప్పుతో పొలాలకు పనికిరాకుండా పోయాయి. రైతులు కోర్టుకెక్కారు. 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అద్దకం యూనిట్లను మూయమంది. ఒక్కసారిగా వేలమంది కూలీలకు పని పోయింది. అందులో మన తెలుగువాళ్లూ ఉన్నారు.

దీనితో నేను తీసుకున్న పాఠం, లెక్కలు దాచిపెట్టమని కాదు. ఉప్పు మెల్లగా పెరుగుతున్నప్పుడే, ఏడాదికేడాది అంకె అందరి ముందూ ఉండి ఉంటే, శుద్ధి చేసే ఏర్పాటుకు అప్పుడే ఒత్తిడి పెట్టవచ్చు. నీళ్లూ నిలబడేవి, పనీ నిలబడేది. అంతా పాడయ్యాక కోర్టు దాకా పోతే, మొదట రోడ్డున పడేది కూలివాడే. ముందుగా తెలిసిన లెక్క మన పొట్టను కూడా కాపాడుతుంది.

ఈ నెల ప్రతి గల్లీ మూడు పనులు పెట్టుకోవాలి. నీళ్ల పుస్తకం మొదలుపెట్టి, మొదటి, నడిమి, చివరి ఇళ్ల పేరున మూడు గడులు గీయండి. వార్డు ఆఫీసులో చివరి రిపోర్టు అడిగి, నమూనా ఎక్కడ, ఎప్పుడు పట్టారో చూడండి. ఒక అట్ట కట్టి మీకు తెలిసిన మాట రాయండి, తెలియని గడి ఖాళీగా వదలండి. ఖాళీ గడి చూసి నలుగురూ అడగడం మొదలుపెడితే అదీ పనే.

రెండు నెలల లెక్క పోగయ్యాక ఒక పేజీ నకలు మన పత్రికకు పంపండి. ఇంటి నంబర్లు కొట్టేసి, అంకెలు మాత్రం ఉంచండి. షోలాపూర్ గల్లీ పక్కన బళ్లారి గల్లీ, బరంపురం వీధి పక్కన కోయంబత్తూరు లైను పెట్టి ఇదే పేజీలో అచ్చు వేద్దాం. ఎవరి పైపు ఎట్లా బాగయిందో ఒకరి నుంచి ఒకరం నేర్చుకుందాం.